స్టేట్ ఆఫ్ హెచ్‌టీఎంఎల్, డబ్ల్యూ3సీ, ఐకాన్: వెబ్ గురించి మనల్ని అడిగే సర్వేల మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ మీద నడిచే స్టేట్ ఆఫ్ హెచ్‌టీఎంఎల్ సర్వేకి ఐదుకి నాలుగు స్టార్లు, వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ వాళ్లు జనాభిప్రాయం తీసుకునే పద్ధతికి మూడు, సైట్ల చిరునామాల సంగతి చూసే ఐకాన్ పబ్లిక్ కామెంట్‌కి, అంటే జనం అభిప్రాయాలు రాసే ఏర్పాటుకి, రెండు. ఫోన్లకీ బిర్యానీ హోటళ్లకీ రివ్యూలు రాసుకుంటాం గానీ సర్వేలకి రివ్యూ ఏంటి అనుకోవచ్చు. ఇవి కూడా మనం వాడుకోడానికి పెట్టిన సేవలే. మన టైమ్ తీసుకుంటాయి, మీ మాట వింటాం అని చెబుతాయి. వింటున్నాయా లేదా, అసలు మనవాళ్లు ఆ గుమ్మం దాకా ఎందుకు వెళ్లడం లేదు అన్నది చూడాలని చాలా రోజులుగా ఉంది.

నా పని వెబ్‌సైట్లు కట్టడం. పత్రికలకి, కాలేజీలకి, చిన్న చిన్న వ్యాపారాలకి. ఎక్కువగా తెలుగులోనే. మీ ఫోన్‌లో క్రోమ్ తెరిచినా, పక్కవాళ్ల ఐఫోన్‌లో సఫారీ తెరిచినా పేజీ ఒకేలా రావాలంటే ముందు ఆ బ్రౌజర్లు చేసేవాళ్లంతా ఒక మాట మీద ఉండాలి. ఆ మాటే వెబ్ ప్రమాణం. పేజీల రూపురేఖలు దిద్దే సీఎస్‌ఎస్ లాంటివి డబ్ల్యూ3సీలో తయారవుతాయి, అది 1994లో టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన సంస్థ. హెచ్‌టీఎంఎల్ మాత్రం 2019 ఒప్పందం తర్వాత పూర్తిగా వాట్‌డబ్ల్యూజీ అనే బృందం చేతిలో ఉంది, దాని స్టీరింగ్ గ్రూప్‌లో ఉన్నవి నాలుగే కంపెనీలు: యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా. డొమైన్ పేర్ల సంగతి ఐకాన్ చూస్తుంది. ఇంతమంది ఉన్నా తలుపులు మూసుకుని ఏమీ చెయ్యరు, అది ఒప్పుకోవాలి. అడుగుతూనే ఉంటారు. జవాబు చెప్పేవాళ్లే తక్కువ.

అసలు రివ్యూకి వస్తే, ముందు స్టేట్ ఆఫ్ హెచ్‌టీఎంఎల్. సాషా గ్రైఫ్ అనే ఆయన 2016లో జావాస్క్రిప్ట్ (పేజీల్లో కదలిక తెచ్చే భాష) మీద ఇలాంటి సర్వే మొదలుపెట్టారు, 2019లో సీఎస్‌ఎస్‌కి ఒకటి వచ్చింది, 2023లో హెచ్‌టీఎంఎల్‌ది తోడైంది. ఫారం చాలా బాగుంటుంది. ఒక్కో ఫీచర్ పేరు, చిన్న కోడ్ ముక్క, మూడు జవాబులు: ఎప్పుడూ వినలేదు, విన్నాను, వాడాను. దాంతోపాటు నచ్చిందో లేదో చెప్పే వీలుంటుంది. తెలియని ఫీచర్ కనబడితే ప్లస్ గుర్తు నొక్కితే చాలు, అది చదువుకోవాల్సిన జాబితాలో చేరుతుంది. నింపడం అయ్యాక ఎన్ని ఫీచర్లు తెలుసో స్కోరు కూడా చూపిస్తుంది. నిజం చెప్పాలంటే ఏ ఆన్‌లైన్ కోర్సూ చెప్పని కొత్త ఫీచర్లు నాకు ఈ ఫారంలోనే పరిచయమయ్యాయి. అందుకే ఇంకేం కారణం లేకపోయినా, వెబ్ పని చేసే ప్రతివాళ్లూ ఏడాదికోసారి దీన్ని నింపాలి అంటాను. ఫలితాలు కూడా దాచుకోరు, అందరికీ ఉచితంగా పెడతారు.

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ల చేత దీన్ని నింపిద్దామని ఓ మధ్యాహ్నం కూర్చోబెట్టాను. లింకు పంపగానే వచ్చిన మొదటి ప్రశ్న, "అన్నా, సర్టిఫికెట్ ఇస్తారా?" లేదురా అంటే, "పోనీ లింక్డిన్‌లో పెట్టుకోడానికి బ్యాడ్జ్ లాంటిదేమైనా?" వాళ్లని తప్పుపట్టను. ఇంజినీరింగ్‌లో చేరినప్పటి నుంచీ ఏది చేసినా చివర కాగితం ఒకటి చేతికి వస్తేనే లెక్క అని నేర్పింది మనమే, ఇంటర్వ్యూలో అడిగేదీ అదే. ఇక్కడ ఇచ్చేది తీసుకునేవాళ్లకి కనపడదు, ఇంకెవరికో ఎప్పుడో ఉపయోగపడుతుంది. దాన్ని ఆ వయసులో నమ్మించడం కష్టం.

నింపుతుంటే ఇంకోటి బయటపడింది. పాప్‌ఓవర్ (నొక్కితే పేజీ పైన తేలే చిన్న పెట్టె) అనే ఫీచర్ దగ్గర ఓ కుర్రాడు వెంటనే "వాడాను" నొక్కబోయాడు. "ఎక్కడ వాడావురా?" అంటే, "మన అడ్మిన్ ప్యానెల్లో ఉంది కదన్నా, బూట్‌స్ట్రాప్‌ది." బూట్‌స్ట్రాప్ అంటే ముందే రాసిపెట్టిన కోడ్ లైబ్రరీ. సర్వే అడుగుతున్నది బ్రౌజర్‌లోనే వచ్చిన పాప్‌ఓవర్ ఆట్రిబ్యూట్ గురించి, జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఏమీ లేకుండా పనిచేసేది. పేరొకటే, వస్తువు వేరు. పక్కన నేను లేకపోతే అది "వాడాను" అనే లెక్కలోకి వెళ్లిపోయేది. కోడ్ ముక్క చూపిస్తున్నా దాన్ని చదివేవాళ్లు తక్కువ, పేరు చూసి నొక్కేస్తారు. ఒక స్టారు తగ్గించింది ఇందుకే. ఇలాంటి గందరగోళం వచ్చే ఫీచర్ల దగ్గర "ఇది ఫలానా లైబ్రరీలోది కాదు" అని ఓ లైను పెద్దక్షరాల్లో రాస్తే సరిపోతుంది, పెద్ద పనేం కాదు.

ఇప్పుడు జనం సంగతి. 2023 స్టేట్ ఆఫ్ హెచ్‌టీఎంఎల్‌కి ప్రపంచం మొత్తం మీద వచ్చినవాళ్లు 20 వేల పైచిలుకు, అదే ఏడాది సీఎస్‌ఎస్ సర్వేకి 9 వేల పైచిలుకు. ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే సైటు గిట్‌హబ్ లెక్కలో 2023 నాటికి ఒక్క భారతదేశంలోనే 1.3 కోట్ల మందికి పైగా డెవలపర్లు ఉన్నారు. అంటే ఆ హెచ్‌టీఎంఎల్ సర్వే నింపిన ప్రపంచమంతా ఇండియావాళ్లే అనుకున్నా మన వెయ్యిమందిలో ఇద్దరు కూడా కారు. నిజానికి నింపేవాళ్లలో అమెరికా వాళ్లే ముందుంటారు. హైదరాబాద్‌లో మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఎన్ని వేల మంది పొద్దున్నే లాప్‌టాప్ తెరిచి ఇదే హెచ్‌టీఎంఎల్ రాస్తున్నారో తలుచుకుంటే బాధేస్తుంది.

"మనం నింపితే మాత్రం ఏం ఒరుగుతుంది" అనే మాట తరచూ వింటాను. ఒరుగుతుంది. 2021లో స్టేట్ ఆఫ్ సీఎస్‌ఎస్ వాళ్లు సీఎస్‌ఎస్‌లో ఏది లేక ఇబ్బంది పడుతున్నారు అని అడిగితే కంటైనర్ క్వెరీలు అన్న జవాబు పైన నిలిచింది. పేజీ మొత్తం వెడల్పుని బట్టి కాకుండా, ఒక డబ్బా ఎంత వెడల్పు ఉందో చూసి దాని లోపలి డిజైన్ మార్చుకునే సౌకర్యం అది. 2022లో క్రోమ్, సఫారీలకి, 2023 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్‌కి వచ్చేసింది. సర్వే ఒక్కదాని వల్లే వచ్చిందని అనను, దాని వెనక ఏళ్ల తరబడి పనిచేసిన ఇంజినీర్లున్నారు. కానీ బ్రౌజర్ కంపెనీలు కలిసి 2022 నుంచి ఇంటరాప్ అని ఏటా ఒక ఉమ్మడి పనుల జాబితా పెట్టుకుంటున్నాయి, అందులో ఏది చేర్చాలి అని వాదించుకునేటప్పుడు ఈ సర్వే ఫలితాలు కూడా ముందు పెడతారు. 20 వేల జవాబులతో తేలే చోట మన ఊళ్ల నుంచి ఓ రెండు వేలు చేరితే ఆ లెక్క తిరిగిపోదా?

ఇక మన భాషకి సంబంధించిన ముక్క, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. పత్రిక సైట్లలో వ్యాసం మొదటి అక్షరాన్ని పెద్దదిగా పెట్టమంటారు, అచ్చులో ఉన్నట్టు. ఒక్కో అక్షరం విడివిడిగా కదిలే శీర్షికలు కావాలని అడిగేవాళ్లూ ఉంటారు. వ్యాసం "స్త్రీ" అన్న మాటతో మొదలైందనుకోండి. మనకి అది ఒక్క అక్షరం, ఒకటో తరగతి పిల్లాడు కూడా విడదీసి రాయడు. కంప్యూటర్‌కి మాత్రం యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకీ సంఖ్యలిచ్చే ప్రమాణం) పాత నియమం ప్రకారం అది స్, త్, రీ అని మూడు ముక్కలు. ఆ నియమాన్ని నమ్ముకుని అక్షరాలు విడదీసే కోడ్ రాస్తే పొల్లు "స్" ఒక్కటీ పెద్దదై ముందు నిలబడుతుంది, మిగతాది వెనక చిన్నగా వేలాడుతుంది. ఎడిటర్ గారు ఫోన్ చేసి, "ఏమండీ, మొదటి మాటే తెగిపోయింది, పాఠకులు నవ్వుతారు" అంటే నేను చెప్పగలిగింది, ఇది మీ సైటు తప్పు కాదండీ, అంతకన్నా కింద ఎక్కడో ఉంది అని మాత్రమే. పత్రికాఫీసులో కూర్చున్న మనిషికి ఆ జవాబు ఏం సరిపోతుంది?

2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో ఆ నియమం మార్చారు. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగులో కూడా సంయుక్తాక్షరాన్ని ఒక్కటిగానే లెక్కపెట్టాలి అని. తెలుగు కంప్యూటర్లలోకి వచ్చిన ఎన్నేళ్లకి! యూనికోడ్ వాళ్లు కూడా మార్పులకి ముందు బహిరంగంగా అభిప్రాయాలు అడుగుతారు, ఎవరైనా రాయొచ్చు. మన దగ్గర ఈ అక్షరాలతో రోజూ కుస్తీపట్టే డీటీపీ వాళ్లు, పత్రికల వాళ్లు, యాప్‌లు చేసేవాళ్లు వేలమంది. వాళ్లలో ఎంతమందికి ఇలా అడుగుతారని తెలుసు? 2018 ఫిబ్రవరిలో తెలుగు "జ్ఞా" రూపం ఒకటి వస్తే ఐఫోన్ యాప్‌లు పడిపోయాయని ప్రపంచమంతా వార్తలొచ్చాయి, యాపిల్ వెంటనే ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. ఫోన్ పాడైతే పరిగెత్తుకొచ్చి బాగుచేస్తారు. అక్షరం విరిగి కనపడుతూ ఫోన్ మాత్రం బాగానే పనిచేస్తుంటే, ఎవరో ఒకరు వెళ్లి చెప్పేదాకా అది అలాగే ఉంటుంది. అడగనిదే అమ్మయినా పెట్టదు.

ఇక్కడే డబ్ల్యూ3సీ దగ్గరికి వస్తాం. వాళ్ల దగ్గర తెలుగు గ్యాప్ అనాలిసిస్ అని ఒక పత్రం ఉంది. వెబ్‌లో తెలుగుకి ఇంకా ఏమేం సరిగ్గా లేవో రాసుకునే చోటు: ఫాంట్లు, వరుస ఎక్కడ విరగాలి, అక్షరాల హద్దులు, మొదటి అక్షరం అలంకరణ, ఇలా. ఇలాంటిది ఉందని తెలిసినప్పుడు నాకు చాలా ఆనందమైంది. ఎవరైనా వెళ్లి గిట్‌హబ్‌లో ఇష్యూ (ఫలానాది సరిగ్గా లేదు అనే రాత) పెట్టొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, సభ్యత్వం అక్కర్లేదు. ప్రమాణాలు రాసే వర్కింగ్ గ్రూపులైతే బయటినుంచి వచ్చిన అభ్యంతరాలకి జవాబు చెప్పి తీరాలని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. ఇది చాలా గొప్ప విషయం, మన దగ్గర ఏ ఆఫీసులో అర్జీ పెడితే ఇంత గ్యారంటీ ఉంటుంది? మరి మూడు స్టార్లే ఎందుకంటే, తలుపు తెరిచే ఉన్నా అక్కడిదాకా వెళ్లే దారి డెవలపర్లకి తప్ప ఇంకెవరికీ తెలియదు. గిట్‌హబ్ ఖాతా, ఇంగ్లీషు, ఇష్యూ రాసే పద్ధతి, ఇవన్నీ వచ్చి ఉండాలి. తెలుగు అక్షరం గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి, నలభై ఏళ్లు ప్రూఫులు దిద్దిన పెద్దాయన, ఆ పేజీ చూసి ఏం చేస్తారు? ఆయన మాట తీసుకోడానికి మధ్యలో ఒక మనిషి కావాలి, ఆ మనిషిని ఎవరూ ఏర్పాటు చెయ్యలేదు.

డబ్ల్యూ3సీలో ఓటు హక్కు సభ్య సంస్థలది, మనది కాదు. దేశాన్నీ రాబడినీ బట్టి ఫీజు కట్టే కంపెనీలు, యూనివర్సిటీలు. ఆ సభ్యుల్లోనూ ఓటేసేవాళ్లు తక్కువే. 2017లో సినిమాలకి తాళం వేసే ఈఎంఈ అనే ప్రమాణం మీద పెద్ద గొడవైంది, నెట్‌లో అందరూ మాట్లాడుకున్న విషయం. దానికి 108 సంస్థలు ఔనన్నాయి, 57 కాదన్నాయి, 20 తటస్థంగా ఉన్నాయి. మొత్తం 185. అప్పటికి సభ్యులు నాలుగు వందలకి పైనే. అంత రచ్చ జరిగిన రోజే సగం మంది కూడా రాలేదంటే మామూలు రోజుల సంగతి ఊహించుకోవచ్చు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, ఇలాంటి చోట్ల అది పూర్తి అంగీకారం కిందే జమవుతుంది. రానివాళ్లు వద్దన్నట్టు కాదు, రానివాళ్లు లేనట్టే. నన్ను బాగా కలవరపెట్టేది ఇదే.

ఐకాన్ మాట వస్తే, వాళ్లు మన ఊరికే వచ్చారు. 2016 నవంబర్ 3 నుంచి 9 దాకా హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో ఐకాన్ 57వ సమావేశం జరిగింది. మొదట ప్యూర్టో రికోలో పెట్టాలనుకున్నారు, జికా వైరస్ భయంతో ఇటు మార్చారు. మూడు వేల మందికి పైగా వచ్చారు, ప్రవేశానికి ఫీజు లేదు. అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ నుంచి ఐకాన్ బయటికొచ్చిన వెంటనే జరిగిన మొదటి సమావేశం కూడా అదే. మధ్యలో 8వ తారీఖు రాత్రి నోట్ల రద్దు వచ్చిపడి మనందరి దృష్టీ ఏటీఎంల మీదికి పోయింది, అది వేరే సంగతి. ప్రపంచ ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం మాదాపూర్‌లో తేలుతుంటే ఊళ్లో ఆ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది అన్నది ఆలోచించాల్సిన విషయం.

ఆ తర్వాత 2018లో తెలుగు లిపిలో టాప్-లెవెల్ డొమైన్ పేర్ల (చిరునామాలో డాట్‌కామ్‌లా చివర వచ్చే ముక్క) నియమాల మీద పబ్లిక్ కామెంట్ పెట్టారు. నియో-బ్రాహ్మీ ప్యానెల్ అని తొమ్మిది భారతీయ లిపుల నియమాలు రాసిన బృందం తయారుచేసిన ప్రతిపాదన అది. అందులో చాలా ఆసక్తికరమైన భాగం తెలుగు, కన్నడ పోలిక. మన "ల", "ర", "జ" పక్కన కన్నడవి పెడితే చూపు ఆనడం కష్టం. ఆ చివరి ముక్క ఒకటి తెలుగులో ఉంటే, అదే ఆకారంలో కన్నడ అక్షరాలతో ఇంకొకటి వస్తే జనం మోసపోవచ్చు. అందుకే ఏ అక్షరానికి ఏ అక్షరం జోడీయో పట్టికలు కట్టి, అలాంటి పేర్లకి ముందే అడ్డం వేశారు. 2019లో వచ్చిన మూడో విడత నియమాల్లో తెలుగు చేరింది. ఎంత మంచి పని! కానీ ప్రతిపాదన ఇంగ్లీషు, సాంకేతిక భాష, కోడ్ పాయింట్ల (ఒక్కో అక్షరానికి యూనికోడ్ ఇచ్చిన సంఖ్యల) పట్టికలు. కామెంట్లకి మామూలుగా ఇచ్చే గడువు 40 రోజులు. బళ్లారిలో, హిందూపురంలో రెండు లిపులూ రోజూ చదివే జనం ఉన్నారు, ఏది దేనిలా కనపడుతుందో వాళ్లని మించి చెప్పేవాళ్లు ఎవరు? రెండు అక్షరాలూ పక్కపక్కన పెట్టి "ఇవి రెండూ మీకు ఒకేలా ఉన్నాయా?" అని ఫోన్‌లో తెలుగులో, కన్నడలో అడిగితే హైస్కూలు పిల్లలు కూడా జవాబిస్తారు. అలా అడగకుండా కామెంట్లు రాలేదంటే లాభం లేదు. రెండు స్టార్లు అందుకే. పని బాగుంది, అడిగిన తీరు బాలేదు.

అన్నీ బాగుంటాయని కూడా అనను. పేరు చెప్పను గానీ ఓ పెద్ద సంస్థ వెబ్ వాడకం మీద నడిపిన సర్వేలో భాషల జాబితాలో తెలుగు చూసి ఎంచుకున్నా. మొదటి పేజీ తెలుగులో, అది కూడా యంత్రం చేసిన తెలుగు, రెండో పేజీ నుంచి ఇంగ్లీషు. సగం నింపాక నెట్ పోయి మళ్లీ వచ్చేసరికి అంతా ఖాళీ. ఇలాంటివి ఒక్కసారి తగిలితే ఆ మనిషి ఇంకెప్పుడూ ఏ సర్వే జోలికీ పోడు, మంచివాటి జోలికి కూడా. జనం రావడం లేదని బాధపడే సంస్థలు ముందు మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో, బస్సులో కూర్చుని, సిగ్నల్ వస్తూ పోతూ ఉన్నప్పుడు వాళ్ల ఫారం వాళ్లే నింపి చూడాలి.

చిన్న సర్వే అయినా పెద్ద పని చేస్తుందనడానికి ఒకటి చెప్తా. కంటిచూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ల (తెర మీది రాతని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) మీద వెబ్‌ఎయిమ్ అనే సంస్థ సర్వేలు చేస్తుంది. 2023 డిసెంబర్, 2024 జనవరిల్లో చేసిన పదో సర్వేకి వచ్చినవి 1,500 పైచిలుకు జవాబులే. అయినా స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు పేజీలో శీర్షికల్ని పట్టుకుని ముందుకెళ్తారని ఆ సర్వేల్లో పదేపదే తేలింది కాబట్టి, శీర్షికలు సరిగ్గా పెట్టండి అని క్లయింట్‌తో వాదించడానికి నా చేతిలో ఉన్న ఆధారం అదే. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, అందులో తెలుగు గొంతు కూడా ఉంది, మన కాలేజీల్లో దాన్ని వాడే విద్యార్థులూ లెక్చరర్లూ ఉన్నారు. వాళ్ల అనుభవం కూడా అందులో చేరాలి.

నింపాలనుకునేవాళ్లకి ఓ మాట. స్టేట్ ఆఫ్ హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ సర్వేల్లో టిక్కులు పెట్టే చోటుతో ఆగిపోవద్దు. సొంతంగా రాయమని కొన్ని ఖాళీ పెట్టెలు ఇస్తారు, చాలామంది వాటిని వదిలేస్తారు. తెలుగుతో మీకు వచ్చిన ఇబ్బంది అక్కడ రాయండి. ఏ మాట విరిగింది, ఏ బ్రౌజర్, ఏ ఫోన్, ఎలా రావాల్సింది ఎలా వచ్చింది, రెండు లైన్లు చాలు, ఇంగ్లీషు వ్యాకరణం ఎవరూ చూడరు. అదే సంగతిని స్క్రీన్‌షాట్‌తో డబ్ల్యూ3సీ తెలుగు పత్రం గిట్‌హబ్‌లో పెడితే ఇంకా మంచిది, అది అక్కడే నిలిచి ఉంటుంది. మీ ఊళ్లో ప్రూఫులు దిద్దే పెద్దవాళ్లు, పాత అచ్చుకూటాల వాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల పక్కన కూర్చుని వాళ్లు చెప్పింది మీరు రాయండి. ఇంటరాప్‌కి ప్రతిపాదనలు సెప్టెంబర్ ప్రాంతంలో తీసుకుంటారు, ఈసారి తెలుగు అక్షరాల మీద ఒకటి తయారుచేస్తున్నా. విరిగిన అక్షరాల స్క్రీన్‌షాట్లు మీ దగ్గర ఉంటే కింద పెట్టండి, ఫోన్ మోడలూ బ్రౌజర్ వెర్షనూ రాయడం మర్చిపోకండి.